-5 పవర్‌కి 1.74 లెన్స్ అవసరమా? ముందు ఫ్రేమ్ సైజు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కుడి కన్ను -5.00, ఎడమ కన్ను -4.50 తో పాటు -0.75 సిలిండర్ (ఒక దిశలోనే పనిచేసే అదనపు పవర్), దాని కోణం అంటే యాక్సిస్ 170, పీడీ (కంటిపాపల మధ్య దూరం) 62 మి.మీ. ఆన్‌లైన్‌లో 54-18-145 అని రాసున్న పెద్ద చదరపు ఫ్రేమ్ నచ్చింది. మీ పవర్ కొట్టగానే సైట్ 1.74 లెన్స్ (ఈ అంకెనే ఇండెక్స్ అంటారు, ఎక్కువైన కొద్దీ లెన్స్ పల్చన) తీసుకోమంటోంది, దాని ధర 1.60 కంటే బాగా ఎక్కువ. అంత పెట్టకపోతే సోడాబుడ్డి అద్దాలు వస్తాయేమోనని మీ టెన్షన్.

సూటిగా చెప్తాను. 1.74 వద్దు, ఆ ఫ్రేమూ వద్దు. లెన్స్ వెడల్పు 48, 49 దగ్గర ఉండే ఫ్రేమ్ చూసుకుని అందులో 1.60 వేయించుకోండి. ఇంకాస్త పల్చగా ఉంటే బాగుండు అనిపిస్తే 1.67. అంతకు మించి పోనక్కర్లేదు. చిన్న ఫ్రేమ్‌లో వేసిన 1.60, మీరు చూసిన పెద్ద ఫ్రేమ్‌లో వేసే 1.74 కంటే అంచుల దగ్గర పల్చగా ఉంటుంది. ఇది నా అభిప్రాయం కాదు, లెక్క. కింద వేసి చూపిస్తాను. నేను చేసే పనే కళ్లజోళ్ల పని, పీడీ కొలవడం దగ్గర్నుంచి లెన్స్ కోసి ఫ్రేమ్‌లో బిగించే దాకా. నా దగ్గరికి ఆన్‌లైన్ జోడు పట్టుకొచ్చి "ఇంత డబ్బు పెట్టినా ఇంత లావుగా ఉందేంటండీ" అని అడిగేవాళ్లలో ఎక్కువమంది లెన్స్ దగ్గర పొరపాటు పడ్డవాళ్లు కాదు, ఫ్రేమ్ దగ్గర పొరపాటు పడ్డవాళ్లు.

మైనస్ లెన్స్ మధ్యలో పల్చగా, అంచుల వైపు మందంగా ఉంటుంది. ఆ పల్చటి చోటు, అంటే ఆప్టికల్ సెంటర్, సరిగ్గా మీ కంటిపాప ముందుకి రావాలి. ఫ్రేమ్ అద్దానికి నట్టనడుమ కాదు, కంటిపాప ముందు. ఈ తేడా అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

54-18 అంటే ఒక్కో లెన్స్ వెడల్పు 54 మి.మీ., రెండు లెన్సుల మధ్య ముక్కు మీద ఉండే బ్రిడ్జి 18 మి.మీ. రెండూ కలిపితే 72. అంటే ఆ ఫ్రేమ్‌లో ఒక అద్దం నడుమ నుంచి ఇంకో అద్దం నడుమకి 72 మి.మీ. దూరం. మీ కంటిపాపల మధ్య దూరం 62. తేడా 10, ఒక్కో కంటికి 5. కాబట్టి ఆప్టికల్ సెంటర్‌ని అద్దం నడుమ నుంచి 5 మి.మీ. ముక్కు వైపు జరపాలి. జరిపితే ఏమవుతుంది? చెవి వైపు అంచు ఆ సెంటర్ నుంచి దూరమైపోతుంది. సగం వెడల్పు 27, జరిపింది 5, మొత్తం 32 మి.మీ.

ఇప్పుడు 48-20 ఫ్రేమ్ తీసుకోండి. కలిపితే 68. తేడా 6, ఒక్కో కంటికి 3. సెంటర్ నుంచి చెవి వైపు అంచుకి 24 + 3 = 27 మి.మీ. మీకు తగ్గింది 5 మి.మీ. మాత్రమే, కానీ అదనపు మందం ఈ దూరానికి వర్గం లెక్కన పెరుగుతుంది. 32 వర్గం 1024, 27 వర్గం 729. అంటే ఫ్రేమ్ మార్చినంత మాత్రాన అదనపు మందంలో దాదాపు 30 శాతం పోయింది. అదే 54 ఫ్రేమ్‌లోనే ఉండి 1.60 నుంచి 1.74కి మారితే తగ్గేది 19 శాతమే.

మధ్యలో అన్నిటికీ 1.5 మి.మీ. మందం అనుకుని మీ -5.00 కంటికి చెవి వైపు అంచు లెక్క కట్టాను. 54-18 ఫ్రేమ్‌లో మామూలు 1.50 ప్లాస్టిక్ అయితే 6.6 మి.మీ., 1.60 అయితే 5.8, 1.67 అయితే 5.3, 1.74 అయితే 5.0. అదే 48-20 ఫ్రేమ్‌లో 1.50కి 5.1, 1.60కి 4.5, 1.67కి 4.2, 1.74కి 4.0. నిజంగా తయారైన లెన్స్‌లో కొంచెం అటూ ఇటూ ఉంటుంది (1.50ని బలం కోసం మధ్యలో కాస్త మందంగానే చేస్తారు, అందుకని అసలు తేడా ఇంకొంచెం ఎక్కువే), అయినా వరస మారదు. ఇంకోసారి చూడండి: చిన్న ఫ్రేమ్‌లో 1.60 అంటే 4.5, పెద్ద ఫ్రేమ్‌లో 1.74 అంటే 5.0. పైగా 1.67 నుంచి 1.74కి వెళ్తే తగ్గేది 0.2, 0.3 మి.మీ. మాత్రమే. ఫ్రేమ్ అంచు వెనక అంత తేడా పక్కవాళ్లకి కాదు కదా, మీకే కనిపించదు.

ఈ లెక్క మీరే ఏ ఫ్రేమ్‌కైనా వేసుకోవచ్చు. సెంటర్ నుంచి అంచుకి ఉన్న దూరాన్ని మి.మీ.లో తీసుకుని వర్గం చేయండి, పవర్‌తో గుణించండి, ఇండెక్స్‌లోంచి 1 తీసేసి వచ్చినదాన్ని 2000తో గుణించి దానితో భాగించండి. వచ్చినదానికి మధ్య మందం కలపండి. సైట్‌లో నచ్చిన రెండు మూడు ఫ్రేములకి ఇలా వేసి చూస్తే ఏది కొనాలో ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

చాలామంది అడిగేది, "మరి నా ముఖం వెడల్పండీ, 48 పెడితే చిన్నపిల్లల జోడులా ఉండదా?" అని. ఇక్కడొక కిటుకుంది. 48, 20 అనేవి లెన్స్, బ్రిడ్జి కొలతలే తప్ప ఫ్రేమ్ మొత్తం వెడల్పు కాదు. అద్దం చుట్టూ ఉండే రిమ్ మందం, కాడలు తగిలించే మూలల దగ్గర బయటికి వచ్చే భాగం, ఇవన్నీ అదనం. ఒకే 48-20 రాసున్న రెండు ఫ్రేముల్లో ఒకదాని మొత్తం వెడల్పు 126 ఉంటే ఇంకోదానిది 136 ఉండొచ్చు. ముఖం వెడల్పున్నవాళ్లు మందమైన రిమ్, బయటికి సాగిన మూలలు ఉన్న ఫ్రేమ్ వెతుక్కోవాలి. అప్పుడు ముఖానికి నిండుగానే ఉంటుంది, అద్దం మాత్రం చిన్నగానే ఉంటుంది. సైట్‌లో ఫ్రేమ్ వెడల్పు అని విడిగా ఇస్తారు, అది చూడండి. ఇప్పుడు మీరు వాడుతున్న జోడు బిగుతుగా లేకుండా, జారకుండా ఉంటే దాని మొత్తం వెడల్పు స్కేలుతో కొలిచి, దానికి రెండు మూడు మి.మీ. అటూ ఇటూలో ఉన్నవే వెతకండి. మూడో నంబరు, మీ ఫ్రేమ్ మీద 145, చెవి మీదకి వెళ్లే కాడ పొడవు. దానికీ లెన్స్ మందానికీ సంబంధం లేదు.

మూలలున్న చదరపు ఆకారం కంటే గుండ్రం, కోడిగుడ్డు ఆకారం, మూలలు బాగా గుండ్రంగా తిప్పిన చతురస్రం మైనస్ పవర్‌కి మంచివి. ఎందుకంటే మందం ఎప్పుడూ సెంటర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న బిందువు దగ్గరే ఎక్కువ. చదరపు ఫ్రేమ్‌లో అది బయటి మూల. ఏవియేటర్ రకంలో కింద చెంప వైపు వేలాడే భాగం. మూల ఎంత పొడుచుకొస్తే అక్కడ లెన్స్ అంత లావు.

మీ ఎడమ కంటి సిలిండర్ గురించి కూడా ఒక మాట. యాక్సిస్ 170 అంటే దాదాపు అడ్డంగా ఉన్నట్టే. సిలిండర్ పవర్ యాక్సిస్ వెంబడి పనిచేయదు, దానికి లంబంగా ఉన్న దిశలో పనిచేస్తుంది. కాబట్టి మీ ఎడమ లెన్స్ అడ్డంగా దాదాపు -4.50 గానే ఉంటుంది, పైకీ కిందకీ -5.25 దగ్గర ఉంటుంది. లెన్స్ వెడల్పు కంటే ఎత్తు తక్కువ కాబట్టి ఈ అదనపు మందం మీకు పెద్దగా తెలియదు. ఇదే యాక్సిస్ 90 అయ్యుంటే ఆ 0.75 మొత్తం చెవి వైపు అంచుకే వెళ్లేది. సిలిండర్ 2, 3 ఉండి యాక్సిస్ 90 దగ్గర ఉన్నవాళ్లు చదువుతుంటే, మీరు మందం లెక్క వేసేటప్పుడు స్ఫియర్ (చీటీలో మొదట రాసే పవర్), సిలిండర్ రెండూ కలిపిన పవర్‌తో వేసుకోండి.

ఇక ఇండెక్స్ సంగతి. స్కూల్లో చదువుకున్న వక్రీభవన గుణకమే ఇది. ఎక్కువైన కొద్దీ అదే పవర్‌కి తక్కువ వంపు సరిపోతుంది, లెన్స్ పల్చబడుతుంది. ఇంతవరకు అన్ని సైట్లూ చెప్తాయి. అవి చెప్పనివి మూడున్నాయి.

మొదటిది, స్పష్టత. ప్రతి లెన్స్ పదార్థానికీ అబ్బే నంబర్ అని ఒకటుంటుంది, ఎర్న్‌స్ట్ అబ్బే అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు మీద. అది ఎంత ఎక్కువుంటే రంగులు అంత తక్కువగా చెదురుతాయి. మామూలు 1.50 ప్లాస్టిక్‌కి 58 దాకా ఉంటుంది, 1.60కి 41 దగ్గర, 1.67కి 32, 1.74కి 33, పాలీకార్బొనేట్‌కి 30. నంబర్ తక్కువైతే లెన్స్ మధ్యలోంచి చూసినప్పుడు ఏమీ తెలియదు. పక్కకి చూసినప్పుడు తెల్ల కాగితం మీద నల్ల అక్షరాల అంచున సన్నగా నీలం ఒక వైపు, పసుపు ఒక వైపు కనిపిస్తాయి. రోజంతా కోడ్ రాసే ఒకాయన పవర్ -6 దగ్గర, పాలీకార్బొనేట్ జోడు తెచ్చుకుని "స్క్రీన్ మూలల్లో అక్షరాలు రెండుగా అనిపిస్తున్నాయి, పవర్ పెరిగిందేమో చూడండి" అని వచ్చాడు. పవర్ ఏమీ మారలేదు. తల కదపకుండా కళ్లు మాత్రమే పక్కకి తిప్పి పెద్ద స్క్రీన్ చదవడం ఆయన అలవాటు. అదే పవర్, చిన్న ఫ్రేమ్, 1.60 వేశాం, ఫిర్యాదు పోయింది. అందరికీ ఇది ఇబ్బంది పెట్టదు, చాలామంది నాలుగు రోజుల్లో గమనించడం మానేస్తారు. కానీ 1.60లో మందం, స్పష్టత రెండూ దాదాపు కుదురుతాయి, అందుకే నేను -3 నుంచి -6 దాకా ముందు దాని పేరే చెప్తాను.

రెండోది, బరువు. పల్చగా ఉంటే తేలికే అనుకుంటాం. కానీ పదార్థం సాంద్రత కూడా పెరుగుతుంది. 1.60 సాంద్రత 1.30 దగ్గర, 1.74ది 1.47 దగ్గర. అంటే పల్చబడి తగ్గిన బరువులో చాలా భాగం సాంద్రత తినేస్తుంది. ముక్కు మీద గుంటలు పడుతున్నాయని 1.74కి వెళ్లేవాళ్లకి దక్కేది చాలా తక్కువ. ముక్కు మీద బరువు తగ్గాలంటే అద్దం విస్తీర్ణం తగ్గాలి, అంటే మళ్లీ ఫ్రేమే.

మూడోది, మెరుపు. ఇండెక్స్ పెరిగితే లెన్స్ ఉపరితలం మీద పడి వెనక్కి పోయే వెలుతురు పెరుగుతుంది. 1.50లో ఒక్కో ఉపరితలానికి 4 శాతం, 1.67లో 6.3 శాతం, 1.74లో 7.3 శాతం. అందుకే 1.60 దాటితే యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ లేకుండా అస్సలు తీసుకోవద్దు. డబ్బు తక్కువుంటే ఇండెక్స్ ఒక మెట్టు తగ్గించి ఆ డబ్బుతో మంచి కోటింగ్ వేయించుకోండి. రాత్రి డ్రైవింగ్ చేసేవాళ్లకి ఈ తేడా మొదటి రోజే తెలుస్తుంది. నీలి వెలుతురు ఆపుతుందని బ్లూ కట్‌కి విడిగా డబ్బులడుగుతారు, అది నేను చెప్పే కోటింగ్ కాదు. స్క్రీన్ వల్ల కళ్లు అలసిపోవడాన్ని అది తగ్గిస్తుందనడానికి ఆధారం లేదని వైద్య అధ్యయనాలన్నీ కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2023 సమీక్ష తేల్చింది. అది వదిలేసినా మీకేమీ నష్టం లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు అడక్కపోయినా చాలామంది హై ఇండెక్స్‌ కొనేది దీని కోసమే. అద్దాల్లోంచి కళ్లు చిన్నగా కనిపించడం, పక్క నుంచి చూస్తే చెంప గీత లోపలికి పోయినట్టు కనిపించడం. ఇండెక్స్ పెంచితే ఇది తగ్గదు. అది పవర్ వల్ల వచ్చేది, 1.50 అయినా 1.74 అయినా ఒకటే. తగ్గించేవి రెండే: అద్దం కంటికి దగ్గరగా కూర్చోవడం, ఫ్రేమ్ చిన్నగా ఉండి చెంప గీత దాకా అద్దం రాకపోవడం. -7 పవర్‌కి 56 వెడల్పు ఫ్రేమ్ పెట్టుకుని ఫోటోల్లో ముఖం విరిగినట్టు వస్తోందని బాధపడిన ఒకమ్మాయికి 47 వెడల్పు గుండ్రటి ఫ్రేమ్‌లో 1.67 వేశాక అద్దంలో తన ముఖం చూసుకుని చాలాసేపు జోడు తియ్యలేదు. ఆ అమ్మాయి పాత జోడులో ఉన్నది 1.74.

పవర్‌ని బట్టి నేను మామూలుగా చెప్పేది ఇలా ఉంటుంది. -2 లోపు 1.50 లేదా 1.56 చాలు, హై ఇండెక్స్‌కి పెట్టే డబ్బు దండగ. -2 నుంచి -3.5 దాకా ఫ్రేమ్ చిన్నదైతే 1.50తో లాగించొచ్చు, లేకపోతే 1.60. -3.5 నుంచి -6 దాకా 1.60, ఫ్రేమ్ కాస్త పెద్దదైతే 1.67. -6 నుంచి -8 దాకా 1.67. -8 దాటినవాళ్లకి 1.74 నిజంగా పనికొస్తుంది, అప్పుడు కూడా చిన్న ఫ్రేమ్‌తోనే. పిల్లలకీ, ఆటలాడేవాళ్లకీ మాత్రం ఈ లెక్క పక్కన పెట్టి పాలీకార్బొనేట్ గానీ ట్రైవెక్స్ గానీ (రెండూ సులువుగా పగలని ప్లాస్టిక్‌లు) తీసుకోవాలి. దెబ్బ తగిలితే పగిలి ముక్కలు కంట్లోకి పోకూడదు, మందం సంగతి తర్వాత.

ప్లస్ పవర్ వాళ్లకి కథ తిరగబడుతుంది. లెన్స్ మధ్యలో ఉబ్బుగా, అంచుల్లో పల్చగా ఉంటుంది. అక్కడ అసలు సమస్య, చాలా చోట్ల ముందే తయారైన పెద్ద గుండ్రటి లెన్స్ తీసుకుని మీ ఫ్రేమ్ ఆకారానికి కోసి బిగించేస్తారు. +4.00కి 65 మి.మీ. వ్యాసం ఉన్న 1.50 లెన్స్ అయితే అంచు 1 మి.మీ. ఉన్నా మధ్యలో 5 మి.మీ. పైన ఉంటుంది. అదే మీ ఫ్రేమ్‌కి 52 మి.మీ. వ్యాసం చాలని లెక్కేసి, అంతకే సరిపడా తయారు చేస్తే మధ్యలో 3.7 దగ్గరికి వస్తుంది. ఇండెక్స్ మార్చకుండానే. ప్లస్ పవర్ వాళ్లు ఆర్డర్ పెట్టే ముందు "ఫ్రేమ్‌కి తగ్గట్టు సర్ఫేసింగ్ (లెన్స్‌ని అరగదీసి తయారు చేయడం) చేసి ఇస్తారా, ఆస్ఫెరిక్ (అంచుల వైపు వంపు తగ్గించిన లెన్స్) ఉందా" అని ఈ రెండూ అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే ఎదురుగా కూర్చుని కొలత తీసుకునే చోట చేయించుకోవడం మేలు.

మళ్లీ మీ దగ్గరికి. మీరు 62 అన్నారు, ఆ 62 ఎక్కడిది? ఇది అడగడానికి కారణం ఉంది. పీడీ రెండు రకాలు, దూరం చూసేది, దగ్గర చదివేది. దగ్గరది సాధారణంగా 3 మి.మీ. దాకా తక్కువ. చీటీ మీద ఏది రాశారో తెలియకుండా కొట్టేస్తే దూరం జోడు తేడా వస్తుంది. మీ పవర్‌లో సెంటర్లు మొత్తం మీద 4 మి.మీ. తప్పితే, ప్రెంటిస్ రూల్ (సెంటర్ తప్పితే లెన్స్ చూపుని ఎంత పక్కకి లాగుతుందో చెప్పే లెక్క) ప్రకారం 0.4 సెంటీమీటర్ల దూరాన్ని 5తో గుణిస్తే 2 ప్రిజమ్ డయాప్టర్లు, అంటే ఆ లాగుడు కొలత. -1 పవర్ వాళ్లకి అదే తప్పు 0.4 మాత్రమే, తెలియనే తెలియదు. ఇందులో ఇంకో మెలిక ఉంది: మైనస్ లెన్స్‌లో సెంటర్లు మీ కళ్ల కంటే ఎడంగా పడితే, కళ్లు బయటికి తిరగాల్సి వస్తుంది. మన కళ్లకి లోపలికి తిరగడం రోజూ చేసే పని, బయటికి తిరిగే శక్తి చాలా తక్కువ. కాబట్టి ఎడంగా పడ్డ సెంటర్లే ఎక్కువ తలనొప్పి తెస్తాయి. పెద్ద ఫ్రేమ్‌లో సెంటర్‌ని ఎక్కువ జరపాల్సి వస్తుంది కాబట్టి అలా పడే అవకాశమూ అక్కడే ఎక్కువ.

ఇంట్లో కొలుచుకోవాలంటే అద్దానికి జానెడు దూరంలో నిలబడి, మి.మీ. స్కేలు కనుబొమలకి కాస్త కింద అడ్డంగా పెట్టుకోండి. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో అద్దంలో ఆ ఎడమ కంటినే చూస్తూ స్కేలు సున్నాని కంటిపాప నడుమకి తెండి. స్కేలు గానీ తల గానీ కదపకుండా ఎడమ కన్ను మూసి, కుడి కన్ను తెరిచి, అద్దంలో కుడి కంటినే చూస్తూ దాని పాప నడుమ ఎంత దగ్గరుందో చదవండి. ఒక్కో కన్ను తననే తాను చూసుకుంటుంది కాబట్టి ఇది దూరం పీడీ. మూడుసార్లు కొలిచి, దగ్గరదగ్గరగా వచ్చిన అంకె తీసుకోండి. వీలైతే పరీక్ష చేసిన చోటే ఒక్కో కంటికి విడివిడిగా రాయించుకోండి, ముక్కు నడుమ నుంచి రెండు వైపులా సమానంగా ఉండనివాళ్లు చాలామందే ఉంటారు.

ఫ్రేమ్ పదార్థం విషయంలో మీకు ఫుల్ రిమ్ అసిటేట్ (మందమైన ప్లాస్టిక్ ఫ్రేమ్) మంచిది, మందం రిమ్‌లో కలిసిపోతుంది. సన్నటి మెటల్ ఫ్రేమ్ ఇష్టమైతే 4.5 మి.మీ. అంచు వెనక్కి కాస్త కనిపిస్తుంది, అది పెద్ద బాధ కాదు. కానీ అంచు మరీ లావైతే చెవి వైపు కాడలు పూర్తిగా ముడుచుకోవు, ముక్కు వైపు ప్యాడ్ పట్టుకునే సన్నటి తీగకి లెన్స్ తగిలి దాన్ని సరిచేయడానికి చోటుండదు. సగం రిమ్ ఉండి కింద నైలాన్ దారంతో పట్టేవాటిలో అంచు మొత్తం బయటికే ఉంటుంది కాబట్టి -5కి నేను వద్దంటాను. రిమ్‌లెస్ కావాలని పట్టుబడితే 1.50 వద్దు, స్క్రూ రంధ్రం దగ్గర బీటలిస్తుంది, 1.60 గానీ ట్రైవెక్స్ గానీ అయితే నిలబడుతుంది. ఎడ్జ్ పాలిష్ అని అదనంగా అడిగితే ఫుల్ రిమ్‌కి వద్దనండి. మెరిసే అంచులోంచి వెలుతురు లోపలికి దూరే అవకాశం ఉంది.

ఆన్‌లైన్‌లో అసలు కొనొద్దని నేను చెప్పేవాళ్లూ ఉన్నారు. ప్రోగ్రెసివ్ అద్దాలు, అంటే దూరం, దగ్గర రెండూ ఒకే లెన్స్‌లో ఉండేవి, కావాల్సినవాళ్లు (ఆ ఫ్రేమ్ మీ ముఖం మీద ఉండగా కంటిపాప ఎంత ఎత్తులో ఉందో కొలవాలి, ఫోటో చూసి అంచనా వేస్తే చదివే భాగం ఎక్కడో పడుతుంది), చీటీలో ప్రిజమ్ రాసినవాళ్లు, రెండు కళ్ల పవర్‌కి తేడా 2 దాటినవాళ్లు, మొదటిసారి జోడు పెట్టుకునేవాళ్లు, చిన్నపిల్లలు. -8 దాటినవాళ్లు కూడా, ఎందుకంటే అద్దం కంటికి 4 మి.మీ. దగ్గరైనా దూరమైనా వాళ్లకి పవరే పావు (0.25) దాకా మారినట్టు అనిపిస్తుంది. మీకు -5లో అదే 4 మి.మీ.కి మార్పు 0.1, దాంతో బాధ లేదు. మీ పవర్, మీ సిలిండర్ ఆన్‌లైన్‌లో ధైర్యంగా కొనుక్కోదగ్గవే.

పార్సిల్ వచ్చాక ఊరికే పెట్టుకుని చూసి "బానే ఉంది" అనుకోకండి, రిటర్న్ గడువు దాటకముందే ఒకసారి సరిచూసుకోండి. తలుపు నిలువు అంచుని ఒక లెన్స్‌లోంచి చూడండి, జోడుని మీ కంటికి ఒక చేయి దూరంలో పట్టుకుని. లెన్స్‌లో కనిపించే గీత, పైనా కిందా బయట కనిపించే గీతతో విరుగు లేకుండా ఒకే వరసలో కలిసే దాకా జోడుని పక్కలకి జరపండి. కలిసిన చోట లెన్స్ మీద స్కెచ్ పెన్‌తో చిన్న చుక్క పెట్టండి. రెండో లెన్స్‌కీ అంతే. ఎడమ లెన్స్‌లో సిలిండర్ వల్ల గీత కొంచెం వాలినట్టు కనిపించొచ్చు, కంగారు పడకండి, మధ్య భాగం కలిస్తే చాలు. రెండు చుక్కల మధ్య దూరం కొలిస్తే 62కి దగ్గరగా రావాలి. రెండున్నర మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే, ముఖ్యంగా ఎడంగా వస్తే, వెనక్కి పంపేయండి. పవర్, యాక్సిస్ ఇంట్లో తేలవు, దగ్గర్లో ఏ కళ్లజోళ్ల షాపులోనైనా లెన్సోమీటర్ (లెన్స్ పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టి చూస్తారు, రెండు నిమిషాల పని.

ఇవన్నీ సరిపోయాక పెట్టుకుని తిరగండి. మొదటి మూడు నాలుగు రోజులు నేల కాస్త వంగినట్టు, మెట్లు దిగేటప్పుడు అడుగు అందనట్టు అనిపించడం మామూలే, కొత్త ఆకారం ఫ్రేమ్‌కి కళ్లు అలవాటు పడుతున్నాయి. వారం దాటినా తలనొప్పి తగ్గకపోయినా, దీపాలు రెండుగా కనిపించినా అలవాటవుతుందిలే అని ఓర్చుకోవద్దు, పాత జోడు పెట్టుకుని కొత్తది రిటర్న్ పెట్టండి. 48, 49లో మీకు నచ్చిన ఫ్రేములేవైనా ఉంటే వాటి మూడు నంబర్లూ, మొత్తం వెడల్పూ ఇక్కడ రాయండి, మీ రెండు కళ్లకీ అంచు మందం లెక్కేసి చెప్తాను.